నిమ్మజాతి ఫలములలోని సహజ ద్రవ్యములు – వాని ఉపయోగములు

హోసూరు, కృష్ణగిరి బజారులలో కిరాణా వర్తకము చేయు జైన కుటుంబములకు నిమ్మ రెండు రూపములలో పరిచితమైనది. మొదటిది నెల్లూరు, తిరుపతి జిల్లాల తోటలలో కాచి గోనెసంచులలో బజారునకు వచ్చు పండు. రెండవది తెల్లని పలుకులుగా సంచులలో వచ్చు నిమ్మ ఉప్పు. దీనినే మార్వాడీ ఇండ్లలో నింబూ కా సత్ అనియు, గుజరాతీ ఇండ్లలో లింబూ నా ఫూల్ అనియు అందురు. అష్టమి, చతుర్దశి తిథులయందును, పర్యూషణ దినములయందును పచ్చని కాయకూరలు మాను ఇండ్లలో పప్పునకు పులుపు చేర్చునది చాలవరకు ఈ ఉప్పే. పండును వదలినను దాని సత్తు ఉన్నది గదా అని గృహిణి తృప్తిపడును. అంగడివాడును అదే నమ్మకముతో దానిని తూచి ఇచ్చును. అయితే ఆ పలుకులు నిజముగా నిమ్మపండు సత్తేనా? ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్న పండులో ఏ ద్రవ్యము ఎచ్చట ఉన్నదో, దానిని మనుష్యుడు ఎట్లు వేరుచేసెనో ముందుగా తెలిసికొనవలెను.

నిమ్మజాతి చాల పెద్దది. నిమ్మ, గజనిమ్మ, దబ్బ, మాదీఫలము, నారింజ, కమలా, బత్తాయి, పంపరపనస అన్నియు ఈ కుటుంబములోనివే. మూడు భాషలు కలియు హోసూరు సంతలో తెలుగువారు దబ్బకాయ అని అడుగుదురు, తమిళులు నార్తంగాయ్ అందురు, కన్నడిగులు హేరళెకాయ అందురు. అమ్మువాడు ముగ్గురికిని ఒకే గంపలోనుండి తీసి ఇచ్చును. ఈ జాతి అంతయు హిమాలయముల ఆగ్నేయ పాదప్రాంతమున, అనగా అస్సాము, బర్మా, యునాన్ ప్రాంతములలో పుట్టినదని 2018లో వెలువడిన జన్యుపరిశోధన తెలుపుచున్నది. మాదీఫలము, పంపరపనస, కమలా అనునవి మూలజాతులలో ముఖ్యములు. నారింజ పంపరపనసకును కమలాకును పుట్టిన సంకరము. గజనిమ్మ ఆ నారింజకును మాదీఫలమునకును పుట్టినది. మన కాగితపు తొక్క నిమ్మకును ఒకవైపు తండ్రి మాదీఫలమే. నారింజ అను మాట కూడ చాల దూరము ప్రయాణము చేసినది. సంస్కృత నారంగము పారశీకములో నారంగ్ అయి, అరబ్బీలో నారంజ్ అయి, స్పెయిను మీదుగా ఐరోపా భాషలలో ప్రవేశించి ఆరెంజి అయినది. సంస్కృతమునకే ఆ మాట దక్షిణదేశ భాషలనుండి చేరియుండునని పలువురు పండితుల అభిప్రాయము. బత్తాయిలలో పేరుపొందిన సాత్గుడి రకమునకు ఆ పేరు కృష్ణగిరికి ఈశాన్యముగా, పేరణాంబట్టు సమీపమున నున్న సాత్గఢ్ వలన వచ్చినదని చెప్పుదురు. ఈనాడు ఆ రకము కడప, అనంతపురము, నల్లగొండ తోటలలో విస్తరించియున్నది.

మాదీఫలమునకు జైన వాఙ్మయములో ఒక గౌరవస్థానము కలదు. దీనికే బీజపూరమనియు, మాతులుంగమనియు పేర్లు, గుజరాతీలో బిజోరా. ఋషభనాథుని యక్షుడైన గోముఖుని చేతిలో శిల్పులు ఈ ఫలమును చెక్కుదురు. శ్వేతాంబర సంప్రదాయములో రేవతీ శ్రావికకథ ప్రసిద్ధము. గోశాలకుని తేజోలేశ్య వలన మహావీరస్వామి శరీరము తాపముతో బాధపడుచుండగా, సింహముని శోకించెను. స్వామి ఆయనను రేవతి ఇంటికి పంపుచు, తనకొరకై ఆమె ప్రత్యేకముగా చేసిన కూష్మాండపాకమును తేవలదనియు, ఇంటివారికొరకు చేసియుంచిన బిజోరాపాకమును తెమ్మనియు చెప్పెను. భగవతీసూత్రము పదునైదవ శతకములోని ఈ ఘట్టమును ఆచార్యులు ఇట్లు వివరించిరి. ఔషధమైనను అది ఎట్లు తయారైనది, ఎవరికొరకు తయారైనది అను విచారణ స్వామి విడువలేదన్నది ఇందులో గమనింపవలసిన అంశము. నిమ్మ ఉప్పు విషయమున జైన గృహస్థుడు అడుగు ప్రశ్నయు ఆ జాతిదే.

పండును అడ్డముగా కోసి చూచినచో నాలుగు భాగములు కనబడును. పైన రంగుగల పలుచని తొక్క. అందులో సూదిమొనలంత నూనెతిత్తులు. దానిక్రింద తెల్లని మెత్తని పొర. లోపల రసపుతిత్తులతో నిండిన తొనలు. వానిలో గింజలు. తొక్కలో సువాసన, తెల్లపొరలో పెక్టిను, చేదును; తొనలలో పులుపు, చక్కెర, విటమిను; గింజలలో మరల చేదు. ఒకే కాయలో ఇన్ని గదులున్నవి.

పులుపు ఎచ్చటనుండి వచ్చుచున్నది?

నిమ్మరసములో నూటికి సుమారు 5 నుండి 8 పాళ్లు సిట్రిక్ ఆమ్లము. బత్తాయిలో ఇది ఒక పాలుకు అటునిటు మాత్రమే. 1784లో స్వీడను దేశీయుడైన షీలె అను రసాయనవేత్త నిమ్మరసమునుండి దీనిని మొదట పలుకులుగా వేరుచేసెను. ఆయన పద్ధతి సులభమైనది. రసమును కాచి సుద్ద కలిపిన, ఆమ్లము సున్నముతో కూడి కాల్షియము సిట్రేటుగా అడుగునకు దిగును. దానిని వడియగట్టి గంధకామ్లముతో విడదీసిన శుద్ధమైన ఆమ్లము నీటిలోనికి వచ్చును. ఆ నీటిని ఇగిర్చిన పలుకులు కట్టును. నూరు సంవత్సరములకు పైగా ప్రపంచమునకు కావలసిన నిమ్మ ఉప్పు ఈ విధముగానే వచ్చెను. ఇటలీ దేశపు సిసిలీ ద్వీపమున నిమ్మతోటలు విస్తారముగా ఉండుటచే ఈ వ్యాపారము వారి గుప్పిటిలో ఉండెను. ఆ కాలములో పలుకులను నిమ్మ సత్తు అనుట అక్షరాల నిజము.

మొదటి ప్రపంచయుద్ధముతో ఇటలీ సరుకు తగ్గిపోయెను. 1917లో జేమ్స్ కర్రీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ఆస్పర్జిల్లస్ నైగర్ అను నల్లబూజును చక్కెరనీటిలో పెంచినచో అది చక్కెరను తిని సిట్రిక్ ఆమ్లమును వెలికి విడుచునని ప్రకటించెను. 1919లో ఫైజర్ సంస్థ న్యూయార్కు నగరములోని బ్రూక్లిను ప్రాంతమున ఈ పద్ధతిని వ్యాపారములో పెట్టెను. నాటినుండి నిమ్మకాయకు ఆ పని తప్పిపోయినది. ఈనాడు లోకములో అమ్ముడగు నిమ్మ ఉప్పులో దాదాపు అంతయు బూజు పెంపకము వలన వచ్చినదే. మొలాసిసు, మొక్కజొన్న పిండినుండి తీసిన చక్కెర దానికి మేత. అత్యధికముగా చైనాలో తయారగుచున్నది. పెద్ద తొట్లలో బూజు పెరిగి ఆమ్లము విడిచినపిమ్మట బూజును వడియగట్టి పారవేయుదురు. మిగిలిన ద్రవమును ఎక్కువచోట్ల షీలె చెప్పిన సున్నము, గంధకామ్లముల పద్ధతిలోనే శుద్ధిచేయుదురు.

అంగడిలోని పలుకులలో బూజు ఉండదు. నిమ్మకాయలోని ఆమ్లమునకును దీనికిని రసాయనముగా భేదమేమియు లేదు. ఏ పరీక్షాశాలలోనైనను ఒకే రూపము, ఒకే గుణము. అయినను దాని పుట్టుకలో నిమ్మకాయ లేదు, బూజు కలదు. గుజరాతీ జైనులు ఫూగ్ అని పిలిచి, అనంతజీవములున్నవని తలచి, తొలగియుండు బూజే అది. ఇంట రొట్టెపై ఫూగ్ కనబడినచో దానిని తాకుటకే వెనుకాడు గృహిణి, పర్యూషణమునాడు వాడు పులుపు తొట్లలో పెంచిన ఫూగ్ వలన వచ్చినదని ఎరుగదు. తుది వస్తువులో జీవములేదు కనుక అచిత్తమని గ్రహింపవచ్చునా, తయారీలోని ఆరంభమును చూచి మానవలెనా అన్నది సాధుసాధ్వుల నిర్ణయమునకు చెందినది. రసాయనశాస్త్రము ఆ తీర్పు చెప్పజాలదు. అయితే వారిని అడుగునపుడు అది నిమ్మపండు సత్తు అని చెప్పి అడుగుట మాత్రము సరికాదు. అడిగినవారు తప్పు సమాచారము ఇచ్చినచో వచ్చిన అనుమతికి విలువ యుండదు. బదులు కావలెననువారికి ఎండుమామిడి పొడి, కోకము, చింతపండు ఉండనే యున్నవి. కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతముల చింతపండు పేరుపొందిన సరుకు. దానిలోని పులుపు సిట్రిక్ ఆమ్లము కాదు, ముఖ్యముగా టార్టారిక్ ఆమ్లము, చెట్టుకాయలోనే పుట్టినది.

వర్తకులు ఎరుగవలసిన మరియొక సంగతి. నిమ్మ ఉప్పు బజారునకు రెండు తరగతులలో వచ్చును. మోనోహైడ్రేటు అను తరగతిలో పలుకు పలుకుననే నీరు చేరియుండును. బరువులో నూటికి సుమారు 8.6 పాళ్లు నీరే. అన్‌హైడ్రసు అను తరగతిలో ఈ నీరు లేదు. 25 కిలోల మోనోహైడ్రేటు సంచిలో అసలు ఆమ్లము 22 కిలోల 860 గ్రాములకు మించదు. రెండు సంచులు ఒకే ధరకు వచ్చినచో ఏది లాభమో లెక్క వేసికొనవచ్చును. గిరాకి ఇంటి వంటకన్న ఎక్కువగా కర్మాగారములనుండి యుండు కృష్ణగిరి జిల్లాలో ఈ లెక్క చిన్నది కాదు. అచ్చటి మామిడిగుజ్జు కర్మాగారములు ప్రసిద్ధములు. తోతాపురి గుజ్జును డబ్బాలలో నింపునపుడు పులుపు సరిచేయుటకును, చెడగొట్టు సూక్ష్మజీవులు పెరుగకుండుటకును సిట్రిక్ ఆమ్లము కలుపుట పరిపాటి. తీపి కృష్ణగిరి చెట్టుది, పులుపు చైనా తొట్టిది. రెండును ఒకే డబ్బాలో విదేశములకు పోవును. డబ్బాపై ఐ.ఎన్.ఎస్. 330 అని చూచినచో అది సిట్రిక్ ఆమ్లమే అని గ్రహింపవలెను. 2022 ఏప్రిలులో నిమ్మకాయల ధర దేశమంతట కిలో రెండువందల రూపాయలు దాటినపుడు పానీయములలో రసమునకు బదులు పలుకులు వేయుటకు ఎంత ఆశ కలుగునో చెప్పనక్కరలేదు. రుచికి లోపము రాదు, లోపము మరియొకచోట.

పులుపు వేరు, విటమిను వేరు

నిమ్మ ఉప్పులో విటమిన్ సి లేశమైనను లేదు. పులుపున్నచోటనెల్ల విటమినున్నదని తలచుట పాతకాలపు పొరపాటు. దానికి ఒక రాజ్యపు నావికులు మూల్యము చెల్లించిరి. నెలల తరబడి సముద్రముపై నుండు నావికులకు చిగుళ్లు కరగి, పాతగాయములు తిరిగి విచ్చుకొను స్కర్వీ వ్యాధి వచ్చెడిది. 1747లో జేమ్స్ లిండ్ అను బ్రిటిషు నౌకావైద్యుడు 12 మంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి ఆరు విధములైన మందులిచ్చి చూచెను. దినమునకు రెండు నారింజలు, ఒక గజనిమ్మ తిన్న ఇద్దరే త్వరగా కోలుకొనిరి. ఆ జంటలకిచ్చిన మందులలో వెనిగరు, గంధకామ్లము కూడ కలవు. అవి పుల్లనివే, కాని పనిచేయలేదు. 1795 నుండి ఆ నౌకాదళము గజనిమ్మరసము ఇచ్చుట మొదలుపెట్టగా వ్యాధి తగ్గెను. తరువాత 1860 ప్రాంతములో మధ్యధరా గజనిమ్మకు బదులు వెస్టిండీసు నిమ్మరసమునకు మారిరి. అది మరింత పుల్లనిది. అయినను దానిలో విటమిను తక్కువ. నిలువచేయుటలోను, రాగిపాత్రల స్పర్శవలనను ఉన్నదియు నశించెను. 1875లో ఉత్తరధ్రువమునకు పోయిన దండు నిమ్మరసము వెంటనుండగనే స్కర్వీపాలయ్యెను. అసలు ద్రవ్యమును హంగరీ దేశీయుడు సెంట్ జార్జి 1928లో వేరుచేసెను. అదే విటమిన్ సి అని 1932లో రుజువయ్యెను. 1937లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను.

జైన గృహములకు ఇందులో వెంటనే పనికివచ్చు విషయమొకటి కలదు. శాకాహారములో పప్పులు, ఆకుకూరలు, రాగులనుండి లభించు ఇనుము శరీరమునకు సులభముగా అందదు. అదే భోజనములో విటమిన్ సి ఉన్నచో ఆ ఇనుము మరింతగా గ్రహింపబడును. రక్తహీనత గల స్త్రీలు, ఎదుగు బాలికలు గల ఇండ్లలో పప్పుమీద పచ్చి నిమ్మరసము పిండుకొనుట రుచికొరకు మాత్రమే కాదు. పప్పు ఉడుకుచుండగా పిండినచో వేడికి చాలభాగము పోవును. వడ్డించిన పిమ్మట పిండవలెను. భోజనమైన వెంటనే టీ త్రాగినచో టీలోని ఒగరుద్రవ్యములు ఇనుమును పట్టివేసి చేసిన మేలును చెడగొట్టును. ఇచ్చట నిమ్మ ఉప్పు నిమ్మపండునకు సరిపోదు. కాయకూరలు మాను దినములు కొలదియే గనుక నష్టము లేదు. ఏడాదియంతయు పలుకులతోనే సరిపెట్టుకొను ఇండ్లకు ఈ మాట. నిమ్మ ఒక్కటే గొప్పదని కూడ తలపరాదు. 100 గ్రాముల నిమ్మరసములో విటమిన్ సి 30 నుండి 50 మిల్లీగ్రాములుండగా జామపండులోను, ఉసిరికాయలోను అంతకు ఎన్నో రెట్లున్నది.

సిట్రిక్ ఆమ్లమునకు తనదైన మేలు ఒకటి లేకపోలేదు. మూత్రములో సిట్రేటు ఎక్కువగా నున్నచో అది కాల్షియమును పట్టియుంచి రాళ్లు కట్టకుండ అడ్డుపడును. అందుచేతనే మూత్రపిండములలో రాళ్లు వచ్చువారికి వైద్యులు పొటాషియము సిట్రేటు ఇచ్చుట కలదు. నీరు తక్కువగా త్రాగి దినమంతయు గల్లాపెట్టె వద్ద కూర్చుండువారికి నిమ్మనీరు రెండు విధముల ఉపకారము. నీరే అందులో మొదటిది.

తెల్లపొరలోని పెక్టిను

రసము పిండిన తరువాత బత్తాయి బరువులో సుమారు సగము తొక్కగాను పిప్పిగాను మిగులును. ఎండిన ఆ తొక్కలో నూటికి 20 నుండి 30 పాళ్లు పెక్టిను. 1825లో బ్రాకొన్నో అను ఫ్రెంచి రసాయనవేత్త దీనికి ఆ పేరు పెట్టెను. గడ్డకట్టునది అని గ్రీకుభాషలో అర్థము. చక్కెర నూటికి 60 పాళ్ల వరకు ఉండి, చాలినంత పులుపు కలిసినచో పెక్టిను జాముకు గట్టిదనము నిచ్చును. ఆపిల్ పిప్పి, నిమ్మజాతి తొక్క, ఈ రెండే ప్రపంచములో దీనికి ప్రధానమైన ఆధారములు. మైసూరులో 1950లో స్థాపింపబడిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము ఫలముల వ్యర్థములను ఇట్లు వినియోగమునకు తెచ్చుటపై పనిచేసినది. మామిడితొక్కలోను పెక్టిను కలదు. కృష్ణగిరిలో గుజ్జు తీసి పారవేయు తొక్కలకుప్పను చూచినవారికి ఈ సంగతి ఊరక పోనీయదగినది కాదనిపించును.

జైనులకు పెక్టిను ముఖ్యమైనది దాని గుణము వలనకన్న, అది ఎవరి స్థానమున నిలువగలదో దాని వలన. జెల్లీలు, మెత్తని మిఠాయిబిళ్లలు, పిల్లలు నమలు విటమిను బిళ్లలు, మందుగొట్టములు మొదలగువానిని గట్టిపరచుటకు వాడుకలో నున్న వేరొక ద్రవ్యము జిలటిను. ఇది పశువుల, పందుల, చేపల చర్మములనుండియు ఎముకలనుండియు తీయబడునది. కనుక మెత్తని మిఠాయిని కొనునపుడు పెక్టిను అనిగాని, ఐ.ఎన్.ఎస్. 440 అనిగాని ఉన్నదా, జిలటిను అని ఉన్నదా చూడవలెను. పచ్చని చుక్క జిలటిను లేదని చెప్పును. కాని ఆ చుక్కయే సర్వమని నమ్మరాదు. 2020 నాటి లేబులింగు నిబంధనలలో మాంసాహారమునకు ఇచ్చిన నిర్వచనమునుండి పాలు, పాలపదార్థములతోబాటు తేనె, తేనెమైనము, షెల్లాకు మినహాయింపబడినవి. అనగా ఇరువదిరెండు అభక్ష్యములలో చేరిన తేనె పచ్చని చుక్క గల పొట్లములో ఉండవచ్చును. షెల్లాకు అనగా లక్కపురుగులు స్రవించు లక్కనుండి తీసినది. నిగనిగలాడుటకును, నీరు ఇగిరిపోకుండుటకును దూరదేశములనుండి వచ్చు నారింజలకు దీనిని పూతగా పూయుట కలదు. తొక్క ఒలిచి తినువారికి కడుపులోనికి పోయినట్లు కాదు. తొక్కతోకూడ ఊరగాయ పెట్టువారు, తొక్కను తురుమువారు ఆలోచింపవలెను. ఊరిసంతకు రైతు గంపలో తెచ్చు దబ్బకాయకు సాధారణముగా ఇట్టి పూత ఉండదు; చూపునకు మసకగా నుండుటయే దానికి యోగ్యతాపత్రము.

తొక్కలోని నూనె

బత్తాయి తొక్కను వంచి నొక్కినపుడు కంటిలో పడి మండించు తుంపరయే ఈ నూనె. ఇందులో నూటికి 90 పాళ్లకు పైగా లిమొనీను. గజనిమ్మ నూనెలో లిమొనీను కొంత తక్కువ; సిట్రాలు అను వేరొక ద్రవ్యము కొలదిగా చేరి నిమ్మ అని తెలియజేయు వాసన నిచ్చును. ఒక చిన్న పరీక్ష పిల్లలకు ముచ్చట గొల్పును. తొక్క నూనెను థర్మోకోలు ముక్కపై పిండిన, పడినచోట గుంట కరగును. జిడ్డును, జిగురును కరగించు ఈ గుణము వలననే శుభ్రపరచు ద్రవములలో లిమొనీనును వాడుదురు. గాలి తగిలి పాతబడిన నూనె మాత్రము కొందరి చర్మమునకు దద్దుర్లు తెచ్చును. కావున సీసా బిగించి నీడలో నుంచవలెను.

సబ్బులలోను, అగరువత్తులలోను నిమ్మ అని వ్రాసిన వాసనకు చాలచోట్ల నిమ్మకాయతో సంబంధములేదు. అది నిమ్మగడ్డినుండి వచ్చినది. ఆ గడ్డినూనెలో నూటికి 65 నుండి 85 పాళ్లు సిట్రాలే. ఇందులో మోసమేమియు లేదు. ఒకే ద్రవ్యమును ప్రకృతి ఒక కాయలో కొలదిగాను, ఒక గడ్డిలో మెండుగాను పెట్టినది. పురుగులకొరకని అమ్ము నిమ్మజాతి నూనెల విషయమున మాత్రము ఒక వివేకము కావలెను. పలుచని వాసన చీమలను దారి మళ్లించును. చిక్కని లిమొనీను పురుగు ఒంటిమీది మైనపుపొరను కరగించి చంపును. సహజము అను మాట అహింసకు హామీ కాదు. సీసాపై వారించునది అని ఉన్నదా, చంపునది అని ఉన్నదా చదివి కొనుట అంగడివానికి కష్టము కాదు.

చేదు

తెల్లపొరనుండి 1828లో లెబ్రెటాను అను ఫ్రెంచివాడు హెస్పెరిడినును వేరుచేసెను. ఇది బత్తాయి, కమలా జాతులలో మెండు, దానికి రుచిలేదు. పంపరపనసలోని నారింజినుకు నారంగము పేరే పెట్టిరి, ఇది కటికచేదు. 1936లో సెంట్ జార్జి ఇట్టి ద్రవ్యములను విటమిన్ పి అని పిలిచెను; అవి విటమినులు కావని తేలినందున తరువాత ఆ పేరు వదలబడెను. అయినను హెస్పెరిడినునుండి తయారుచేయు డయోస్మిను నేడు కాళ్ల నరముల ఉబ్బునకును, మొలలకును వైద్యులు వ్రాయు మాత్ర. దినమంతయు అంగడిలో నిలువబడువారిలో దాని పేరు ఎరుగనివారు తక్కువ. చేదునారింజలోని ఇట్టి ద్రవ్యమొకదానిని కొలదిగా మార్చగా చక్కెరకన్న వేయిరెట్లకు మించిన తీపి వచ్చునని 1963లో కాలిఫోర్నియాలో హొరోవిట్జు, జెంటిలి అనువారు కనుగొనిరి.

బత్తాయిరసము పిండినపుడు తియ్యగా నుండి కొన్ని గంటలకు చేదెక్కుట అందరెరిగినదే. అది చెడిపోవుట కాదు. రసములో చేదులేని ఒక మూలద్రవ్యము ఆమ్లము తగిలి క్రమముగా లిమొనినుగా మారుట వలన ఆ చేదు పుట్టును. గింజలు నలిగినచో మరింత త్వరగా పుట్టును. సూర్యాస్తమయమునకు ముందే ముగించువారు ప్రొద్దున పిండి సాయంకాలమునకు ఉంచుటకన్న అప్పటికప్పుడు పిండుకొనుట మేలు.

చివరిదైనను ప్రాణముతో సంబంధించినది ఫ్యూరనోకూమరినుల సంగతి. నిమ్మరసము ముఖమునకు పూసికొని ఎండలో తిరిగినచో బొబ్బలెక్కి నల్లమచ్చలు పడుట వీని వలననే. రాత్రి పూసి కడిగికొన్నను మరునాడు తొక్కనూనె మిగిలియుండవచ్చును. ఇంతకన్న పెద్ద సంగతి 1989లో కెనడాలో యాదృచ్ఛికముగా బయటపడెను. ఫెలోడిపిను అను రక్తపోటు మందుపై పరిశోధన చేయుచు డేవిడ్ బెయిలీ బృందము, మద్యము రుచి తెలియకుండుటకు గ్రేప్‌ఫ్రూటు రసములో కలిపి ఇచ్చిరి. మందు రక్తములో ఊహించినదానికి ఎన్నో రెట్లు పెరిగెను. ప్రేగుగోడలో మందులను విరుగగొట్టు సి.వై.పి. 3ఏ4 అను ఎంజైమును ఆ రసములోని ఫ్యూరనోకూమరినులు పనిచేయకుండ చేయుచున్నవని తరువాత తేలెను. ఒక గ్లాసు రసపు ప్రభావము ఒకదినమునకు మించి యుండును. కాబట్టి మందును ఉదయము, పండును సాయంకాలము తీసికొన్నంత మాత్రమున తప్పించుకొన్నట్లు కాదు.

గ్రేప్‌ఫ్రూటు హోసూరులో అరుదు; దాని తల్లి పంపరపనస అరుదు కాదు. భౌగోళిక గుర్తింపు పొందిన దేవనహళ్లి చక్కోత బెంగళూరునకు ఆవలివైపున పండునదే. పంపరపనసలోను, చేదునారింజలోను ఈ ద్రవ్యములున్నవి. సాధారణముగా బత్తాయికి, కమలాకు ఈ దోషము లేదు. కొలెస్టరాలు తగ్గించుటకు సింవాస్టాటిను, అటోర్వాస్టాటిను వాడు పెద్దలు, రక్తపోటునకు ఫెలోడిపిను, నిఫెడిపిను వాడువారు చక్కోత తినుటకు ముందు వైద్యుని అడుగవలెను. సింవాస్టాటిను మితిమీరి నిలిచినచో కండరములు దెబ్బతిను ప్రమాదమున్నది. ఇంట పెద్దవారి మందుపెట్టె చూచువారు పండ్ల గంపనుకూడ ఒకమారు చూచి, చక్కోత ముక్కలను ఉప్పుకారము చల్లి పిల్లల పళ్లెములలోనే వడ్డించుట మంచిది.